అంకెల్లో లేని ఫిర్యాదు

నియాజ్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినందుకు కాదు, నిద్ర లేనందుకు. చిత్తూరు స్టేషన్లో వెనక గది, సోమవారం మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ మునిప్రసాద్ నాకు సరిగ్గా పదిహేను నిమిషాలు ఇచ్చాడు. అది కూడా నా మీద ప్రేమతో కాదు. నియాజ్ తండ్రి అబ్దుల్ సత్తార్ పొద్దున్నే లాయర్ని వెంటబెట్టుకొచ్చి గేటు దగ్గర కూర్చుని కదలనన్నాడు కాబట్టి.

"సాయంత్రం ఆరుకు వీడ్ని మేజిస్ట్రేట్ ముందర పెడతా," అన్నాడు మునిప్రసాద్, తలుపు దగ్గర నిలబడి. "రిమాండ్ అయిపోతే నా పని అయిపోయినట్టే. నువ్వు గూడా తిరుపతికి పొయ్యి పండుకోవచ్చు ధనంజయా."

"ఆ పిల్ల దొరికిందా?"

"వీడు నోరు తెరిస్తే దొరుకుతాది."

ఆ పిల్ల పేరు హేమశ్రీ. ఇరవై ఆరేళ్లు. చిత్తూరు బయట రసమణి అనే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రైతుల ఫిర్యాదులు చూసే ఉద్యోగం. బుధవారం సాయంత్రం ఐదున్నరకు ఆమె స్కూటీ ఫ్యాక్టరీ గేటు దాటింది. గురువారం తెల్లవారేసరికి ఆ స్కూటీ బస్టాండు పక్క పార్కింగులో దొరికింది, ఆమె దొరకలేదు. అదే ఆఫీసులో కంప్యూటర్లు చూసే నియాజ్‌ను నిన్న సాయంత్రం అరెస్టు చేశారు. హంతకుడు ఫలానా అని ఒకసారి కాగితం మీద పడిందంటే ఇక ఆ అమ్మాయిని వెతికేవాడు ఉండడు. ఎప్పుడో ఎక్కడో శవం బయటపడితే దాన్ని తెచ్చి ఫైలులో కలుపుకుంటారు, అంతే. కాబట్టి నా దగ్గరున్నది ఆరింటి దాకా ఉన్న సమయమే.

నిజం చెప్పాలంటే నేనూ శవాన్నే వెతుకుతున్నాను. రెండేళ్ల కిందట, నేనింకా పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు, సూళ్లూరుపేటలో తప్పిపోయిన ఒక పిల్ల కోసం వెతికి సరైన తలుపే తట్టాను. ఒక రోజు ఆలస్యంగా తట్టాను. ఆ తర్వాత ఉద్యోగం వదిలేశాను. అప్పటి నుంచి నాకు లోపల ఏదీ తగలడం లేదు. బాధ లేదు, కోపం లేదు, తిన్న అన్నానికి రుచి లేదు. కొడుకు కేసు చూడమని సత్తార్ భాయ్ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చినప్పుడు ఆయన వేళ్లకు పరుపుల దూది అంటుకుని ఉందని గమనించాను. ఇంకేమీ అనిపించలేదు.

"బుధవారం ఐదున్నరకు యాడున్నావు?" అని అడిగాను నియాజ్‌ని.

"సర్వర్ రూములో సార్. ఆరుంబావుకు బయటపడినా. అమ్మ కళ్లద్దాలు తెచ్చేదానికి అంగడికి పోయినా."

"అంగడాయన నిన్ను ఎప్పుడు చూసినాడు?"

"ఏడుకు."

"మధ్యలో?"

"ఎవురూ లేరు సార్. ఒక్కడ్నే."

"హేమశ్రీకీ నీకూ మధ్య ఏమైనా ఉండాదా?"

"కలిసి టీ తాగతాం. ఆ పిల్ల నవ్విస్తాది. అంతే సార్."

నేను జేబులోంచి కాగితం తీసి అతని ముందు పెట్టాను. అతణ్ని ఈ గదిలోకి తెచ్చిన కాగితం అదే. ఫ్యాక్టరీ వెబ్‌సైటులో రైతులు ఫిర్యాదు రాసే ఫారం ద్వారా వచ్చిందని చెబుతున్నారు. గురువారం సాయంత్రం ప్రింటులో బయటపడింది. తేదీ మాత్రం బుధవారం సాయంత్రం ఐదూ పది అని ఉంది. "నేను హేమశ్రీని. మా ఆఫీసులో పనిచేసే నియాజ్ నన్ను వేధిస్తున్నాడు. చంపుతానని బెదిరించాడు. నాకు ఏమైనా జరిగితే అతనే కారణం." నాలుగు వాక్యాలు. ఒక మనిషిని లోపల వేయడానికి సరిపోయాయి.

నియాజ్ దాన్ని చూడనైనా చూడలేదు. "ప్రింటే చూపిస్తా ఉండారు సార్ అందరూ. అసలుది చూపించమంటే ఇన్‌స్పెక్టర్ సారుకు అర్థం కాలేదు."

"అసలుదంటే?"

"రైతులు రాసే పేజీ పదిహేనేండ్ల కిందటిది సార్. దానికి తెలుగు రాదు. రైతు తెలుగులో రాస్తాడు, బ్రౌజరు ఒక్కో అక్షరాన్ని ఒక్కో అంకె చేసి పంపిస్తాది. న అంటే 3112. ముందర రెండు గుర్తులు, ఎనక ఒక గుర్తు. లోపల దాచేది గూడా అట్లే అంకెల్లోనే. తెర మీద తెరిస్తే మళ్లా తెలుగే కనపడతాది కాబట్టి ఎవురికీ తెలీదు. ప్రింటు తీసేటప్పుడే కాగితం నిండా అంకెలు పడతా ఉన్నింది. అందుకని నేనొక స్క్రిప్టు రాసినా. రోజూ ఐదున్నరకు అదే లేచి, ముందటి ప్రింటు తర్వాత చేరిన అంకెల్ని మామూలు తెలుగు చేసి ప్రింటరుకు ఇస్తాది. రాజశ్రీక్క తీసకపోయి మేనేజరు టేబులు మీద పెడతాది."

"ఆ పాత పేజీనే మార్చుకోవచ్చు గదప్పా."

"ఫోను ఫిర్యాదులు రాసుకునేదానికి ఆఫీసోళ్లకు వేరే పేజీ చేసిచ్చినా. రైతులది మార్చమని మూడేండ్లుగా అడగతాండా సార్. జరిగిపోతా ఉంటే గెలకడమెందుకు అంటాడు మేనేజరు."

ఈ దేశంలో సగం ఆఫీసులు ఆ ఒక్క మాట మీదే నడుస్తున్నాయి.

"ఆ అంకెల్ని అంకెలుగా చూసేదెవరు?"

"నేను. పొద్దున రాంగానే ఒకసారి, ప్రింటుకు ముందర ఒకసారి చూస్తా, స్క్రిప్టు ఏదన్నా వదిలిపెట్టిందేమో అని. హేమకు ఒకసారి చూపించినా. ఇంకెవురూ చూడలేదు సార్. వాళ్లకు అట్లా ఒకటి ఉండాదనే తెలీదు."

నా పుస్తకంలో పాస్‌వర్డ్ రాసిచ్చాడు. లేచే ముందు ఇంకొకటి అడిగాను. "గురువారం పొద్దున యాడున్నావు?"

"ఈడనే సార్. ఆ పిల్లతో కడాగా మాట్లాడింది ఎవురని పదికి పిలిపించినారు. ఒకటిన్నర దాకా బయట బెంచీ మీద కూర్చోబెట్టి పంపించేసినారు. అప్పటికి ఈ కాగితం ఇంకా రాలేదు గదా."

పది నుంచి ఒకటిన్నర. రాసుకున్నాను.

ఫ్యాక్టరీకి చేరేసరికి మూడూ ఐదు. గేటు ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు కిలోమీటరు దాకా నిలబడి ఉన్నాయి. ఆఫీసు మొదటి అంతస్తులో. హేమశ్రీ బల్ల కిటికీ పక్కన. పోలీసులు దాన్ని చూశామన్నారు. చూసి ఉంటారు, కానీ తాకలేదు. దుమ్ము అలాగే ఉంది.

ఫోను ఛార్జరు ప్లగ్గులోనే ఉంది. సొరుగులో రెండు పెన్నులు, తలనొప్పి మాత్రలు, ఒక దువ్వెన. బల్ల కింద గుడ్డసంచిలో టిఫిన్ బాక్సు. మూత తీశాను. మెతుకులకు బూజు పట్టింది. ఐదు రోజుల వాసన. ఇంటికి బయలుదేరిన మనిషి ఛార్జరైనా మరిచిపోతుందేమో గాని తిన్న బాక్సు మరిచిపోదు. పొద్దున్నే మళ్లీ అందులోనే అన్నం పెట్టాలి, వాళ్లమ్మ కుప్పమ్మ ఊరుకోదు. ఐదున్నరకు స్కూటీ గేటు దాటింది నిజమే. స్కూటీ మీద ఉన్నది హేమశ్రీ అని ఎవరు చెప్పారు? గేటు కాపలావాడిని వచ్చేటప్పుడే అడిగాను. చున్నీ చుట్టుకుని హెల్మెట్ పెట్టుకున్న మనిషి అన్నాడు. ముఖం చూశావా అంటే నీళ్లు నమిలాడు.

రాజశ్రీ ప్రింటరు పక్కన స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తోంది. నలభై ఏళ్లుంటాయి. ఆఫీసు అటెండరు.

"నేను ప్రింటు తీసేదే సార్. ఇంకేమీ తెలీదు నాకు," అంది, నేను అడగకముందే.

"నేనింకా ఏమీ అడగలేదమ్మా."

ఆమె మేనేజరు గది తలుపు వైపు ఒకసారి చూసింది. నేను స్టూలు దగ్గరికి కుర్చీ లాక్కున్నాను. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. నాకు అదొక్కటి బాగా వచ్చు, మాట్లాడకుండా కూర్చోవడం. చివరికి ఆమే గొంతు తగ్గించి చెప్పింది.

"బుధవారం మధ్యాన్నం సార్. లైన్లో ట్రాక్టరు పెట్టుకోని నాలుగు దినాలుగా పడుండిన రైతు ఎవురో ఫిర్యాదు రాసినాడంట. రాత్రి చెత్తనీళ్ల గుంతలోకి కూలోడ్ని ఒకడ్ని దించినారు, వాడు పైకి రాలేదు అని. హేమ నాకు చదివి చూపించింది. ఎవురికీ చెప్పొద్దు పాపా అన్నా. వినలేదు. ఒంటిగంటకు రవిచంద్ర సార్ రూములోకి పోయింది."

"తర్వాత?"

"టీ తీసకపోతే తలుపు గెడేసుండాది. మళ్లా నేనా పిల్లను చూడలేదు. నాకిద్దరు పిల్లోళ్లు సార్."

ఇది ఐదు రోజులు ఎందుకు దాచావని అడగలేదు. జవాబు చెప్పేసింది కదా.

మేనేజరు రవిచంద్ర నన్ను ఆపలేదు. "కంపెనీ దాచుకునేది ఏమీ లేదండీ, ఏం కావాల్నో చూసుకోండి," అని మర్యాదగా చెప్పి గదిలోకి వెళ్లాడు. దాంతో నేను నియాజ్ పాస్‌వర్డ్‌తో ఫిర్యాదుల పట్టిక మొత్తం నా ల్యాప్‌టాప్‌లోకి దించుకున్నాను. తెరిచాను. నియాజ్ చెప్పినట్టే ఉంది. ఒక్కో ఫిర్యాదు ఒక వరస. వరస సంఖ్య, తేదీ, ఆ తర్వాత నేను అంటూ గీతల్లేని చాపలా అంకెలు. ఆ నాలుగు అంకెలు కలిస్తే నేను అనే ఒక్క మాట. బరువు తక్కువ వేశారనీ, కాయ కుళ్లిపోతోందనీ, లైను కదలడం లేదనీ మొత్తుకున్న రైతులందరూ ఆ అంకెల్లో నోరు మూసుకుని ఉన్నారు.

నేను కూడా ఆరు లైన్ల స్క్రిప్టు ఒకటి రాసుకున్నాను. అది చేసే పని చిన్నది. అంకె కనబడిన చోట అంకె తీసి అక్షరం పెడుతుంది. అంకె కానిదాన్ని ముట్టుకోదు. నడిపాను. రెండు సెకన్లలో అంతా తెలుగైపోయింది. హేమశ్రీ పేరున్న ఫిర్యాదు కూడా అందులో ఉంది, అన్నిటిలాగే, ఏ తేడా లేకుండా.

స్క్రిప్టుకు ముందున్న ఫైలు మళ్లీ తెరిచి ఆ వరస దగ్గరికి వెళ్లాను. 4417.

దానికి ముందున్న 4416 అంకెల్లో ఉంది. తర్వాతి 4418 అంకెల్లో ఉంది. 4417 మాత్రం తెలుగులో ఉంది. "నేను హేమశ్రీని" అని, బడిపిల్లలు పలక మీద రాసినంత చక్కగా. స్క్రిప్టు దాన్ని ముట్టుకోనేలేదు. ముట్టుకోవడానికి అందులో అంకెలే లేవు.

రైతుల పేజీలోంచి వచ్చిన ఏ తెలుగు మాటా ఇలా ఉండదు. ఇలా ఉండాలంటే ఒకటే దారి. ఫోనులో ఫిర్యాదు చెప్పిన రైతుల మాటలు రాసుకోవడానికి నియాజ్ ఆఫీసువాళ్లకు కొత్తగా చేసిచ్చిన పేజీ. దానికి తెలుగు వచ్చు. అందులో తేదీ, టైము చేత్తోనే వేయాలి. కాబట్టి బుధవారం ఐదూ పది అనేది ఎవరో వేళ్లతో కొట్టిన టైము. వరస సంఖ్య మాత్రం ఎవరూ కొట్టేది కాదు, వచ్చిన క్రమంలో అదే పడుతుంది. 4416 గురువారం పొద్దున పదకొండూ ఇరవైకి వచ్చింది. 4418 పదకొండూ నలభై ఆరుకు. 4417 ఆ రెంటి మధ్య పుట్టింది. అంటే హేమశ్రీ మాయమైన మర్నాడు.

పైకి జరిపి చూశాను. బుధవారం పదకొండూ యాభై రెండుకు 4408. పన్నెండున్నరకు 4410. 4409 లేదు. గుంతలోకి దిగిన కూలీ గురించి రాసిన రైతు అక్కడ ఉండేవాడు.

ఒక ఫిర్యాదును తీసేసి, ఒక ఫిర్యాదును పెట్టాడు. పెట్టినవాడు జన్మలో అంకెల్ని చూడలేదు. వాడు రోజూ చూసేది ఐదున్నర ప్రింటే. పాత రోజుల్లో అయితే ఈ పాటికి నేను కుర్చీలో నిలవలేకపోయేవాణ్ని. ఇప్పుడు బూజు పట్టిన బాక్సు మూత పెట్టి, సంచిలో ఉన్నచోటే ఉంచి, మేనేజరు గదిలోకి వెళ్లాను.

రవిచంద్రకు యాభై దాటాయి. తెల్లచొక్కా, నుదుట సన్నని నామం. నా ముందు గ్లాసుడు మామిడి రసం పెట్టించాడు.

"గురువారం పొద్దున పదకొండున్నరప్పుడు ఎక్కడున్నారండీ?"

"ఈ రూములోనే. ఎక్స్‌పోర్టు వాళ్లతో ఫోను. ఏం?"

"ఈ కంప్యూటరు మీరే వాడతారా?"

"మెయిళ్లు చూసుకుంటానండీ, అంతే. మిగతాదంతా ఆ పిల్లోళ్లదే."

"బుధవారం హేమశ్రీ మీ రూములోకి వచ్చిందా?"

"రోజుకు పదిసార్లు వస్తాది."

"ఆ పొద్దు ఏమని వచ్చింది?"

"నియాజ్ ఇబ్బంది పెడతాండాడని చెప్పింది. నేనే రాసివ్వమన్నా. పాపం." గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ అన్నాడు.

నేను ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. తెర నిండా అంకెలు.

"ఇదేందండీ, వైరస్సా?"

"మీ రైతులు. లోపల ఇట్లా ఉంటారు." ఒక్కో వరసా కిందికి జరిపాను. 4417 దగ్గర ఆపాను. "ఈమె ఒక్కతే ఇట్లా లేదు, చూడండి."

ఆయన వేలు గ్లాసు అంచు మీద ఆగింది. పది సెకన్లు చూశాడు. చదవడానికి మూడు చాలు.

"నియాజే చేసుంటాడు. కంప్యూటర్లన్నీ వాడివే గదా."

"నియాజ్ చేసుంటే అంకెల్లోనే పెట్టుంటాడండీ."

ఆ మాట నోట్లోంచి జారిన మరుక్షణమే తప్పు చేశానని తెలిసింది. చేతిలో ఉన్న ముక్కను ఎదుటివాడికి చూపించకూడదని కొత్త కానిస్టేబుల్‌కు కూడా తెలుసు. ఒకప్పుడు భయం ఉండేది, ఆ భయమే నా నోటికి తాళం వేసేది. ఇప్పుడు భయం లేదు, అందుకే జాగ్రత్తా లేదు. చచ్చిపోయిన పిల్ల కేసులో ఇంకేం చెడిపోతుందిలే అనుకున్నాను. రసం తాగకుండా లేచాను. రవిచంద్ర గుమ్మం దాకా వచ్చి నమస్కారం పెట్టాడు.

స్టేషనుకు తిరిగొచ్చేసరికి ఐదుకు ఐదు నిమిషాలు. లోపలికి చీటీ పంపాను. ఆగమన్నాడు మునిప్రసాద్. బెంచీ మీద సత్తార్ భాయ్ పక్కన కూర్చున్నాను. లోపల ఎవరో నవ్వుతున్నారు, టీ గ్లాసుల చప్పుడు. అర్జంటని మళ్లీ చెప్పి పంపాను. మళ్లీ ఆగమన్నాడు. మేమిద్దరం ఒకే బ్యాచి. నేను లోపలికి పోవడానికి అడగాల్సి రావడం అతనికి ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు.

"సార్," అన్నాడు సత్తార్ భాయ్. "మా వాడి సంగతి అట్లుండనీండి. ఆ పాప బతికుండాదా?"

కొడుకు లోపలుంటే ఆయన ముందు అడిగింది అది. తెలియదు భాయ్ అన్నాను. అది అబద్ధం. బతికి లేదని నా మనసులో ఎప్పుడో రాసేసుకున్నాను.

ఐదూ ఇరవైకి పిలుపొచ్చింది. మునిప్రసాద్ రిమాండు కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. తల ఎత్తలేదు.

"రెండు నిమిషాల్లో చెప్పు."

చెప్పాను. అంకెలు, అంకెల్లో లేని 4417, తప్పిపోయిన 4409, పదకొండూ ఇరవై, పదకొండూ నలభై ఆరు. రాజశ్రీ పేరు మాత్రం చెప్పలేదు. అతను పెన్ను మూత పెట్టాడు.

"జడ్జి దగ్గర ఈ అంకెలు చదివి వినిపిస్తావా?"

"అవసరం లేదు. ఒక్కటి చెప్పు చాలు. గురువారం పదకొండున్నరకు నియాజ్ యాడున్నాడు?"

మునిప్రసాద్ పెన్ను బల్ల మీద పెట్టాడు.

"నీ బెంచీ మీద. నీ కెమెరా కింద. పది నుంచి ఒకటిన్నర దాకా."

"ఫోనులో చేసుంటాడు."

"లోపలికొచ్చేవాళ్ల ఫోను సెంట్రీ దగ్గర పెట్టించుకుంటారు గదా. పుస్తకంలో టైముతో రాసుంటాది, చూసుకో. వాడికి సాక్షి నువ్వే."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "సూళ్లూరుపేటలో గూడా ఇట్లే తెలివిగా లెక్కలేసినావు ధనంజయా. ఏమొచ్చింది?"

తగలాల్సిన మాట. తగలలేదు. గోడకు తగిలినట్టు జారి కింద పడింది. "ఏమీ రాలేదు. అయితే ఈ కాగితాల మీద సంతకం పెడతావా?"

అతను రిమాండు కాగితాలు పక్కకు నెట్టాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నువ్వు ముందే తయారు చేసుకోనొచ్చిన ఫైలు నాకొద్దు. ఇప్పుడు, నా కండ్ల ముందర దించు."

అదీ న్యాయమే. ఫోను నెట్‌కు కలిపి, నియాజ్ పాస్‌వర్డ్ కొట్టి, పట్టికను మళ్లీ మొదటి నుంచి దించాను. స్టేషన్లో నెట్ నత్తనడక. ఇద్దరం తెరకేసి చూస్తూ కూర్చున్నాం. ఫైలు వచ్చాక 4417 చూపించాను. పైనా కిందా అంకెలు, మధ్యలో తెలుగు. మునిప్రసాద్ తెర మీద వేలు పెట్టి మూడు వరసలూ మెల్లగా చూశాడు. ఈసారి వాదించలేదు.

"స్క్రిప్టు గూడా నడిపి చూపించు," అన్నాడు.

నడిపాను. తెలుగు గబగబా తెర మీదికి దిగి చివరి వరస దగ్గర ఆగింది. నేను మధ్యాహ్నం చూసినప్పుడు చివరి వరస 4460. ఇప్పుడు 4463 ఉంది. 4461లో ఎవరో లైను కదలడం లేదని రాశాడు. 4462లో కాటా మీద గొడవ. 4463 ఈ సాయంత్రం నాలుగూ నలభై ఎనిమిదికి వచ్చింది. స్క్రిప్టుకు ముందు అంకెల్లోనే ఉంది. అంటే రైతుల పేజీలోంచి వచ్చింది, ఎవరో నిజంగా ఎక్కడి నుంచో రాసింది.

"నియాజ్ నేను హేమ. ఎవరి నంబరూ గుర్తు లేదు. మాట్లాడితే వింటారు. నువ్వు అంకెల్లోనే చూస్తావని ఇక్కడ రాస్తున్నా. స్క్రిప్టు ఆపెయ్. రవిచంద్ర సార్ కంట పడితే నేను అయిపోయినట్టే. మూసేసిన ఐస్ ఫ్యాక్టరీలో పెట్టినారు. బయట తమిళం మాట్లాడతాండారు. రైలు వినపడతాది. అన్నం తెచ్చే ఆమె ఫోను ఇది. చెయ్యొద్దు."

మునిప్రసాద్ చదివాడు. నేను చదివాను. నాకు ముందు అర్థమైంది ఒక్కటే, ఆమె బతికి ఉంది. రెండేళ్ల తర్వాత నాకు భయమేసింది. మామూలు భయం. అది లేకపోయేసరికే మధ్యాహ్నం నోరు జారాను. అది వచ్చేసరికి గోడ గడియారంలో ఐదూ ముప్పై ఆరు.

స్క్రిప్టు ఐదున్నరకు లేస్తుంది.

ఇరవై ఐదు నిమిషాలు నేను బెంచీ మీద కూర్చున్నాను. ఆమె మాటలు అప్పటికే పట్టికలో ఉన్నాయి. మునిప్రసాద్ కూడా అదే లెక్క వేసుకున్నట్టున్నాడు, నా ముఖం చూడలేకపోయాడు. నేను రాజశ్రీకి ఫోను చేశాను. నాలుగో రింగుకు ఎత్తింది.

"ఈ పొద్దు ప్రింటు తీసినావామ్మా?"

"నేను తియ్యలేదు సార్. మీరు పోయినప్పటి నుంచి సార్ వచ్చి ప్రింటరు కాడ కుర్చీ ఏసుకోని కూర్చున్నాడు. కాగితాలు ఒక్కొక్కటే ఆయనే తీసుకున్నాడు."

"చదివినాడా?"

"కడా కాగితం రెండుసార్లు చదివినాడు సార్. మడిచి జేబులో పెట్టుకోని కారెక్కి పోయినాడు."

"ఎంతసేపాయ?"

"నాలుగు నిమిషాలుంటాది."

"ఏ పక్కకు?"

"పైనుంచి కనపడదు సార్. ట్రాక్టర్లు అడ్డం."

ఫోను పెట్టేశాను. మునిప్రసాద్ జీపు తీయమని కేకేసి, టోపీ చేతిలోకి తీసుకుని, ఆ ఆఖరి వరస మళ్లీ చదువుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"ఏ ఐస్ ఫ్యాక్టరీ?" అని అడిగాడు.

నాకు తెలియదు. అతనికీ తెలియదు. తమిళనాడు బార్డరు పొడుగునా రైలు పట్టాల పక్కన మూతపడిన ఐస్ ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నాయో కూడా తెలియదు. ఆమె రాసిన మాటలు మా దగ్గరున్నాయి, రవిచంద్ర దగ్గరా ఉన్నాయి. ఆ చోటికి దారి తెలిసినవాడు మాత్రం వాడొక్కడే.